ఆయ్తు అన్న మాట

బ్రూక్‌ఫీల్డ్ నుంచి ఆస్పత్రికి పోయే దారిలో బండ్లన్నీ ఎక్కడివక్కడ ఆగిపోయాయి. వాటి మధ్య ఇరుక్కున్న ఒక కారు గీతాంజలిది. విజయవాడ నుంచి వచ్చి ఈ ఊళ్ళో పాతుకుపోయిన మనిషి, ఆస్పత్రుల కంప్యూటర్లలో ఏది ఎవరికి కనబడాలో నిర్ణయించే కంపెనీలో పెద్ద ఉద్యోగి. పక్క సీట్లో ఆమె కింద పనిచేసే చైత్ర, బళేపేట గాజుల అంగడి వాళ్ళ పిల్ల. ఆస్పత్రిలో విచారణ ఉంది. బెంగళూరు ట్రాఫిక్ ఎవరికీ మేలు చేయదంటారు గానీ, ఒక అబద్ధం వల్లె వేయించడానికి అంతకంటే తీరుబడి ఎక్కడా దొరకదని గీతాంజలి ఆశ.

"ఇంకోసారి చెప్పు. మొదటి నుంచీ."

"ఎన్నిసార్లు గీతక్కా?"

"నోరు తిరిగేదాకా. వీడొకడు, వెనకనుంచి హారన్! నాకేమన్నా రెక్కలున్నాయా ఎగిరిపోడానికి? ఆఁ, చెప్పు. గీతాంజలి రాసిన మార్పును నువ్వు చూశావా అని అడుగుతారు."

"చూసినా."

"పూర్తిగా చూశావా?"

"పూర్తిగా… చూసినా."

"అదిగో, ఆ మధ్యలో ఆగావు చూడు, అక్కడే పట్టేసుకుంటారు. ఆగకు. చూశాను, సరిగ్గా ఉంది, అప్రూవ్ చేశాను. అంతే. మూడు ముక్కలు."

"మూడూ అబద్ధమే కదక్కా."

"అబద్ధం అనకు."

"మరి ఏమనల్ల?"

"చైత్రా, ప్లీజ్. ఆ గాజులు కాసేపు కదపకు. తల పగిలిపోతోంది."

"నేను కదపడంలేదు. ఇన్ని ఉండాయి కదా, ఊపిరి తీసినా చప్పుడే."

"తీసేయొచ్చుగా. ఆఫీసు మనిషివి, మోచేతి దాకా వేసుకుని వస్తావా ఎంక్వైరీకి?"

"తీయకూడదు. మా చెల్లెలు కావ్య బళెశాస్త్రంలో తొడిగినవి ఇవి."

"ఏ శాస్త్రం?"

"పెండ్లికి ముందర పెండ్లికూతురికీ, ఇంట్లో ఆడోళ్ళందరికీ గాజులు తొడిగిస్తారు గదా, అది. చెల్లెలి పెండ్లి అయ్యేదాకా తీయకూడదు. వాటంతటవి పగిలితే పగలల్ల."

"సరే, ఉంచుకో. రెండో ప్రశ్న. ఈ మార్పు ఎందుకు చేశారు?"

"అక్కా, మొదటిదే నా గొంతు దిగడంలేదు. నువ్వప్పుడే రెండోది అంటా ఉండావు. ఇంతసేపయింది, ఆయమ్మ గురించి ఒక్క మాటన్నా అన్నావా?"

"ఏ ఆయమ్మ?"

"తెల్దా నీకు?"

"…నర్సు సంగతా?"

"పేరుండాది ఆయమ్మకు. ఛాయాదేవి."

"ఆవిడ సంగతి ఆస్పత్రివాళ్ళు చూసుకుంటారు. మందలిస్తారు, వదిలేస్తారు. నర్సులు దొరకడమే కష్టంగా ఉంది ఈ రోజుల్లో."

"వదల్లేదు. డ్యూటీకి రావద్దన్నారు. ఇస్త్రీ చేసిన తెల్లబట్టలు తలుపుకు తగిలించుకోని, ఫోను ఒళ్ళో పెట్టుకోని, ఎప్పుడు పిలుస్తారో అని కూర్చోనుండాది. వండింది వండినట్లే ఉండాది గిన్నెలో."

"నీకెలా తెలుసు ఇదంతా?"

"ఎవురో అన్నారు."

"ఎవరు?"

"ఎవురో లేక్కా. ముందర ఆటో కదిలింది చూడు."

"కదిలి ఎక్కడికి పోతుంది, మళ్ళీ ఆగింది. సరే, చెప్పు. మార్పు ఎందుకు చేశారు?"

"ఆస్పత్రిలో పేషెంట్ల పాత జబ్బుల సంగతంతా అందరికీ కనబడతా ఉండె. బిల్లు రాసేటోళ్ళకు గూడా, గేటు కాడ పేరు రాసుకొనేటోళ్ళకు గూడా. ఎవురికి ఏ రోగముండాదో ఊరంతా చదివేటట్ల ఉంటే ఎట్లని తాళం వేస్తిమి. డాక్టర్లు తప్ప ఎవురూ చూడకుండా."

"గుడ్. బాగా చెప్పావు. అక్కడితో ఆపెయ్."

"ఆ తాళం వెనక ఎర్ర గుర్తు గూడా పడిపాయె."

"అది నువ్వు చెప్పక్కర్లేదు!"

"ఏ మందు ఎవురికి పడదో చెప్పే గుర్తు అక్కా అది. నర్సులకు ముఖ్యంగా కనబడాల్సింది అదే. అదే మూతపడె. ఆ పేషెంటు గోపాలప్పకు ఏ సూది పడదో అది రాసే ఉండాది లోపల. ఆయమ్మ స్క్రీన్ చూసె, ఎర్రది ఏమీ లేదు, సూది వేసె."

"బతికాడుగా ఆయన!"

"బతికినాడు. ఆనేకల్ నుంచి కాలికి పుండని వచ్చినాడు, మగ్గం తొక్కే కాలు. గొంతులో పెట్టిన గొట్టం నిన్న తీసినారంట. ఇంకా మాట రాలేదు. కూతురు పక్కన కూర్చోని, మాట్లాడప్పా, మాట్లాడప్పా అంటా ఉండాదంట."

"ఇదీ ఎవరో అన్నారా?"

"ఊఁ."

"చైత్రా, నువ్వు ఆస్పత్రికి ఫోన్లు గానీ చేస్తున్నావా? చేయొద్దు. ఇప్పుడు ఏం చేసినా అనుమానమే. అయినా ఇప్పుడు గుర్తు కనబడుతోందిగా అందరికీ. ఇంకెవరికీ ఏమీ కాదు."

"దాన్నే నేను అడిగేది. ఆ సాయంత్రం కనబడనిది, తెల్లారి పెద్ద డాక్టర్లు వచ్చి చూస్తే ఎట్ల కనబడె?"

"సిస్టమ్ అన్నాక ఒక్కోసారి అలా…"

"అప్పుడు లేదు సార్, దేవుని మీద ఒట్టు, అప్పుడు లేదు అని ఆయమ్మ ఏడిస్తే, ఇంత ఎర్రగా ఉండాది కదమ్మా, కండ్లు యాడ పెట్టుకొన్నావు అన్నారంట. తప్పు చేసింది చాలదని అబద్ధం గూడా ఆడుతుందని పేరు పెట్టినారు. అక్కా."

"ఏంటి?"

"నా పేరు రెండుసార్లు ఉండాది."

"ఎక్కడ?"

"యాడంటే? అప్రూవ్ చేసిన కాడ. మొదటిది నాకు తెలుసు. నా ఫోనుకు వచ్చిన కోడు నేనే చెప్పించినా నీకు. రెండోది యాడిది?"

"అబ్బ, వెళ్ళవయ్యా, వెళ్ళు! గ్రీన్ పడింది కనబడట్లేదా?"

"గీతక్కా."

"డ్రైవ్ చేయనీ చైత్రా."

"యాడ డ్రైవు? చక్రం తిరగలేదు. రెండోది యాడిది?"

"ఉండు, ఫోన్. ఈ విచారణ నడిపే మహేశ్. నువ్వు మాట్లాడకు… హలో, ఆఁ మహేశ్, దారిలోనే ఉన్నాం. ట్రాఫిక్ అండీ, ఏం చేయమంటారు… అవును, నాతోనే ఉంది… ఏంటి? నేనొక్కదాన్నే ముందా? ఇద్దరం కలిసి వస్తే… ఓకే. కాదు కాదు, ఓకే. వస్తున్నా."

"ఏమంట?"

"నన్నొక్కదాన్నే పైకి రమ్మంటున్నాడు ముందు. విడివిడిగా అడుగుతారు కాబోలు. గొంతు కూడా అదోలా ఉంది. ఏంటో… నువ్వేమన్నా…"

"నేనేమి?"

"ఏం లేదులే. అందుకే చెప్తున్నా, ఇద్దరి మాటా ఒక్కటి కావాలి. తేడా వచ్చిందో, మునిగిపోతాం."

"రెండోది నువ్వే కదా?"

"వదలవా?"

"వదలను."

"సరే. నేనే. చాలా?"

"ఎప్పుడు?"

"ఆ సాయంత్రమే. ఆస్పత్రి నుంచి ఫోన్ వచ్చింది. పేషెంట్‌కి రియాక్షన్ వచ్చింది, స్క్రీన్‌లో ఏమన్నా తేడా ఉందా చూడండి అని. వెంటనే తెరిచి చూశాను. ఒక్క పేరు చైత్రా! ఆ ఎర్ర గుర్తు ఎవరెవరికి కనబడాలీ అన్న చోట డాక్టరు రాశాను, పెద్ద నర్సు రాశాను, మందుల షాపు రాశాను. వార్డు నర్సు రాయలేదు. ఎలా మర్చిపోయానో, ఎందుకు మర్చిపోయానో, నాకే తెలీదు."

"మరచిపోతి అని చెప్పి సరిచేసి ఉంటే?"

"నీ కోడ్‌తో నీ పేరు మీద తెరిచిన పేజీ ఇంకా అలాగే ఉంది. ముందు సరిచేసేద్దాం, ఇంకొకరికి జరక్కూడదు అనుకున్నా. నిజంగా అదే అనుకున్నా, నమ్ము. రాశాను. నీ పేరు మీద నేనే నొక్కాను. అయిపోయింది. అయిపోయాక ఇంక చెప్పబుద్ధి పుట్టలేదు."

"ఎందుకు చేసినామని రాసినావు దాంట్లో?"

"…రంగు సర్దుబాటు అని."

"రంగు!"

"అరవకు."

"ఒక మనిషి గొంతు మూసుకుపోయినాంక రంగు సర్దితివా నువ్వు?"

"అరవకన్నానా! పక్క కారువాడు చూస్తున్నాడు."

"చూడనీ. ఆ రెండోది చూసి గూడా ఎవురూ అనుమానపడలే, ఎందుకో తెలుసునా? ఇద్దరి పేర్లుండాయి. ఒకరు చేసినారు, ఒకరు చూసినారు, ఇంక తప్పు యాడ ఉంటాదని మూసేసినారు. మన రెండు పేర్లను నమ్మి ఆయమ్మ ఒక్క మాటను కొట్టేసినారు."

"నాకు తెలీదా? ఆ రూలు రాసిందే నేను."

"నువ్వే. నేను చేరినప్పుడు మాకందరికీ పాఠం చెప్పినావు. రాసే చెయ్యి వేరే, ఒప్పుకొనే కన్ను వేరే ఉండల్ల, ఎంత మంచోళ్ళయినా సరే, రెండు తాళాలూ ఒకరి కాడ ఉండకూడదని. నేను ఇంటికి పోయి మా అవ్వకు చెప్తి, ఎంత గొప్ప సంగతి నేర్చుకొన్నానో చూడవ్వా అని. మా అవ్వ నవ్వె."

"ఎందుకు?"

"ఇదేమి కొత్తే అనె. గాజుల అంగట్లో ఎవురి గాజులు వాళ్ళు తొడుక్కొంటారా? ఎంత నేర్పుండే గాజులామె అయినా తన చెయ్యి ఇంకొకామెకు ఇయ్యల్ల. మనమే అయితే తొందరపడి ఒత్తేస్తాం, పగిలి గీసుకొంటాది. ఎదుటి మనిషయితే మన మొగం చూసి ఆగుతాది అనె."

"బాగుంది. మరి నువ్వు చూశావా నా మొహం? ఆపావా నన్ను? ఎదుటి మనిషివి నువ్వేగా ఆ రోజు!"

"అక్కా…"

"కాదు, చెప్పు. పొద్దుట్నుంచీ మెసేజ్ మీద మెసేజ్ పెట్టాను. సాయంత్రానికి ఇచ్చేస్తామని ఆస్పత్రికి మాటిచ్చి కూర్చున్నాం. నువ్వు సెలవు కూడా పెట్టలేదు, ఇంటి నుంచి పని చేస్తానన్నావు. ఫోన్ చేస్తే మీ అమ్మగారు ఎత్తారు. వెనకాల పాటలు, నవ్వులు."

"నా రెండు చేతులూ గాజులామె కాడ ఉండె. సబ్బు రాసి పిసకతా ఉండె. ఫోను పట్టుకొనేకి వేలు గూడా ఖాళీ లేదు."

"అందుకని మీ అమ్మగారి చేత కోడ్ చదివించావు. సుశీలగారు పాపం ఒక్కో అంకే కూడబలుక్కుని మరీ చదివారు నాకు."

"అమ్మ అడిగె. ఏమే ఇది, ఎవురికీ చెప్పొద్దని రాసుండాది కదే, చెప్పొచ్చునా అని. పదో క్లాసు గూడా పోలేదు మా అమ్మ, ఆమెకు అనుమానం వచ్చె. నాకు రాలే. చెప్పుమ్మా, గీతక్కే గదా అంటి. గీతక్కే గదా! నా పాపమంతా ఆ ఒక్క మాటే."

"నేను అడిగాను చైత్రా. ఫోన్ పెట్టేసే ముందు అడిగాను. మరి చూడ్డం సంగతేంటి అని. ఏమన్నావు?"

"ఆయ్తు అంటి."

"రెండుసార్లు అన్నావు. ఆయ్తు ఆయ్తు అని. చూడ్డం అయిందీ అన్నావు. నువ్వు చూసేశావు, నొక్కడానికే చెయ్యి ఖాళీ లేదు అనుకుని నేను నొక్కాను."

"అయ్యో అక్కా! ఆయ్తు అంటే అయిందని కాదు, సరే అని! సరేలే, చూస్తాలే, పెట్టు ఫోను అని."

"కన్నడంలో అయింది అని కూడా అర్థమేగా? మా పనమ్మాయి గిన్నెలు తోమేసి ఆయ్తు అక్కా అని వెళ్ళిపోతుంది. సరే అని వెళ్ళిపోతుందా?"

"లేదు. అది అయింది అనే ఆయ్తు."

"మరి! నీది ఏ ఆయ్తో నాకేం తెలుసు?"

"అడిగి ఉండొచ్చు గదా."

"నువ్వు తెలుగులో చెప్పి ఉండొచ్చుగా!"

"మా ఇంట్లో అదే తెలుగక్కా."

"…నవ్వు కూడా రావట్లేదు నాకు. పూలొద్దమ్మా! వద్దు, అద్దం కొట్టకు, వద్దన్నానా? చూడకుండా ఉండేదానివి కోడ్ ఎందుకు చెప్పావు మరి?"

"నువ్వు పేజీ తెరిచి పెడతావు, నేను చేతులు కడుక్కోని వచ్చి చూస్తానని అనుకొంటి. అట్లని నాకు నేను చెప్పుకొంటా ఉండా. నిజంగా ఏమనుకొంటినో! ఆకుపచ్చ ఇంకో డజను వేయిద్దామా, నా చేతికి బాగుండాయా అని చూసుకొంటా ఉంటి. ఆమేలె, గాజులయినాంక, భోజనాలు, ఫోటోలు. నాకు గుర్తే రాలేదక్కా. అదే నన్ను తినేది. గుర్తుండి చూడకపోయింటే అది వేరే. నాకు గుర్తే రాలే. ఒక మనిషి ప్రాణానికి కాపలా పెట్టినారు నన్ను, నేను గాజులకు మురిసిపోతి."

"ఏడవకు. కళ్ళు ఎర్రబడితే లోపల కనిపెట్టేస్తారు."

"కనిపెట్టనీ."

"నీకేం తెలుసు చైత్రా. మా ఆయన ఉద్యోగం పోయి ఇంట్లో కూర్చున్నారు. పొద్దున్నే తయారై, షూస్ వేసుకుని, హాల్లో కూర్చుంటారు. మా పాప పండు అడుగుతుంది, నాన్న ఎప్పుడు బయల్దేరతాడు అని. ఇప్పుడు నేను కూడా వెళ్ళి ఆ పక్క కుర్చీలో కూర్చోవాలా? రూలు రాసి, పదిమందికీ పాఠాలు చెప్పి, తనే రెండు తాళాలూ తీసిందని తెలిస్తే ఇంక నా చేతికి ఎవరిస్తారు తాళం?"

"ఛాయాదేవి సిస్టరు చేతికి ఎవురిస్తారు సూది?"

"ఆవిడకి ఇంకో ఆస్పత్రి దొరుకుతుంది."

"నీకు ఇంకో కంపెనీ దొరకదా?"

"ఎంత తేలిగ్గా అంటున్నావు! నువ్వూ పోతావు, అది అర్థమవుతోందా? కోడ్ చెప్పడమంటే నా కంటే ముందు నీ ఉద్యోగానికే గండం. చెల్లెలి పెళ్ళి పెట్టుకుని, వియ్యాలవారి ముందు…"

"తెలుసు. నాన్నకు చెప్పినా."

"ఏంటీ? మీ నాన్నగారికి చెప్పావా? ఎందుకు చెప్పావు?"

"నిద్ర పట్టలే. ఎవురికో ఒకరికి చెప్పల్ల గదా."

"ఏమన్నారు?"

"గాజుల పెట్టెలు సర్దతా ఉండె. ఆమేలె, మన అంగడి ఉండాదిలే తల్లీ అనె."

"నాకు అంగడి లేదు చైత్రా."

"తెలుసక్కా."

"నన్ను చూస్తే అసహ్యంగా ఉందా నీకు?"

"లేదు. నన్ను చూసుకొంటేనే ఉండాది. నిన్ను చూస్తే భయంగా ఉండాది."

"భయమా? నేనేం చేస్తాను నిన్ను?"

"నేనూ ఇంకొన్నేండ్లకు ఇట్లే అవుతానేమో అని. ఒకటి చేసి, దాన్ని దాచేకి ఇంకొకటి చేసి, దానికి రంగు అని పేరు పెట్టి."

"…ఒక మాట చెప్పనా? ఎవరికీ చెప్పనిది."

"చెప్పు."

"ఈ ఊళ్ళో ఇన్నేళ్ళున్నాను కదా. కూరగాయలాయనతో, ఆటోవాళ్ళతో, లిఫ్టులో పక్కింటావిడతో రోజూ నేనూ అంటాను, ఆయ్తు ఆయ్తు అని. సరే అనే అర్థంలోనే అంటాను. ఆ రోజు మాత్రం నాకు అయింది అని వినబడింది. ఎందుకంటే నాకు అదే కావాలి. ఇంకోసారి అడిగితే నువ్వు కాదంటావేమోనని అడగలేదు. టక్కున ఫోన్ పెట్టేశాను. ఆ క్షణంలోనే నాకు తెలుసేమో అనిపిస్తుంది. కళ్ళు మూస్తే నీ గొంతే, ఆయ్తు ఆయ్తు అని."

"ఆ మాట పైన చెప్పక్కా. ఇప్పుడు నాకు చెప్పినట్లే. అంతే చాలు."

"చెప్పలేను."

"నేను గూడా రాలేననుకొంటి ఈ కార్లోకి. వచ్చినా గదా."

"చెప్పలేను చైత్రా. నోరు రాదు. చూడు, ట్రాఫిక్ వదిలింది. అదిగో గేటు కూడా వచ్చేసింది. విను, ఈ ఒక్కసారికి విను. ఆ నర్సుకి నేను వేరే చోట చెప్పి ఉద్యోగం వేయిస్తాను, నాకు తెలిసినవాళ్ళున్నారు. ఆ గోపాలప్ప ఇంటికి కూడా వెళ్దాం ఇద్దరం, ఏం కావాలో చూద్దాం. అన్నీ సర్దుదాం నెమ్మదిగా."

"మళ్ళా రంగు సర్దడమేనా?"

"అలా పొడవకు. ఇక్కడ పెడుతున్నా బండి. నువ్వు కిందే కూర్చో. నేను వెళ్ళొచ్చాక నిన్ను పిలుస్తారు. మొహం కడుక్కో. ఆ మూడు ముక్కలే, గుర్తుందిగా? మరి చెప్పడం సంగతేంటి?"

"ఆయ్తు."

"థాంక్స్ చైత్రా. నీ మేలు మర్చిపోను, నిజంగా… ఉండు ఉండు. ఏ ఆయ్తు? చైత్రా, ఈసారి అడుగుతున్నాను. సరే అనా, అయిపోయింది అనా?"

"అయిపోయింది అని."

"ఏం అయిపోయింది?"

"చెప్పడం. పొద్దున ఛాయాదేవి సిస్టరు ఇంటికి పోయి, ఆయమ్మ కాళ్ళ కాడ కూర్చోని చెప్పినా. ఆన్నుంచే మహేశ్ సారుకు ఫోను చేసి చెప్పినా. నా తాళం నేనే వేరేవాళ్ళకు ఇచ్చినా, నా పేరు రెండుసార్లుండాది, రెండుసార్లూ నేను చూడలేదు, సిస్టరు చెప్పిందే నిజం అని."

"ఇంత చేసి… దారి పొడుగునా నా పక్కన కూర్చుని, నేను చెప్పించినవన్నీ అప్పజెప్తూ వచ్చావా?"

"నీ మొగం చూస్తా వస్తి. యాడన్నా ఆగుతావేమో అని."

"నా పేరు చెప్పావా?"

"అడిగినారు, ఎవురు నొక్కినారమ్మా అని."

"ఏమన్నావు?"

"నొక్కినోళ్ళే వచ్చి చెప్తారు సార్ అంటి. సారు పిలిపించె, సిస్టరు గూడా పైనే ఉండాది, తెల్లబట్టలు కట్టుకోని వచ్చి కూర్చోనుండాది నీ కోసం. పో అక్కా. నీ సగం గూడా నేనే చెప్పేస్తే, మళ్ళా ఒక్క చెయ్యే రెండు పనులూ చేసినట్ల కాదా?"